బెంగళూరు నుంచి జలపాతాలు, చెరువులు: అమ్మానాన్నలతో ఆగస్టులో ఎక్కడికి వెళ్తే బాగుంటుంది?

వైట్‌ఫీల్డ్_వాసి:
అందరికీ నమస్కారం. జులై చివర్లో అమ్మానాన్న అనకాపల్లి నుంచి మా దగ్గరికి వస్తున్నారు. ఆగస్టు అంతా ఉంటారు. నాన్న బాగానే నడుస్తారు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. చదునుగా ఉంటే అరగంట నడుస్తుంది కానీ మెట్లంటే కష్టం. ఇద్దరికీ కొండలన్నా నీళ్ళన్నా ప్రాణం. మా చిన్నప్పుడు అరకు, కటికి జలపాతం ఎన్నిసార్లు చూపించారో. ఇప్పుడు ఇటువైపు కొండలు నేను చూపించాలని కోరిక. పదేళ్ళ బాబు కూడా ఉంటాడు. సొంత కారు ఉంది. రెండు మామూలు శని ఆదివారాలు, ఒక మూడు రోజుల సెలవు దొరుకుతాయి. జలపాతం, కాస్త నడక, కుదిరితే ఓ చెరువు గట్టున సాయంత్రం. వీడియోలు చూస్తుంటే అన్ని చోట్లా పాల నురగలాంటి నీళ్ళే కనిపిస్తున్నాయి. ఎవరిని నమ్మాలో తెలియడం లేదు. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి.

కొండదారి:
మంచి నెల ఎంచుకున్నారు. కానీ ఊరి పేరు కంటే ముందు ఒక విషయం చూసుకోండి. మీరు వెళ్ళే జలపాతానికి నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయి? ఇది తెలిస్తే ఎప్పుడు వెళ్ళాలో, ఎంత దూరంలో నిలబడాలో కూడా తెలిసిపోతుంది.

బెంగళూరు నుంచి వెళ్ళి చూసే వాటిలో కొన్నింటికి పైన డ్యామ్ ఉంటుంది. శివనసముద్రం, హొగెనక్కల్, జోగ్ అలాంటివి. డ్యామ్ నిండి గేట్లు ఎత్తితేనే వాటి అసలు రూపం. మీ ఇంటి మీద వాన పడుతోందా లేదా అన్నదానికీ వాటికీ సంబంధమే లేదు. ఆనేకల్ దగ్గరి ముత్యాలమడువు లాంటివి పూర్తిగా ఇక్కడి వాన మీద బతికేవి. బెంగళూరులో ఎక్కువ వాన పడేది సెప్టెంబరు, అక్టోబరుల్లో. అందుకని ఆగస్టులో ముత్యాలమడువుకు వెళ్తే సన్నటి ధారే కనిపించవచ్చు, దాన్ని చూసి నిరాశ పడతారు.

ఇక చిక్కమగళూరు, కొడగు, శివమొగ్గ వైపు ఉన్నవి పడమటి కనుమలవి. అక్కడ కొండ పైభాగమంతా గడ్డి. కొండ మడతల్లో మాత్రం గుబురుగా పొట్టి చెట్ల అడవి ఉంటుంది, దాన్ని షోలా అంటారు. నాలుగు నెలలు పడ్డ వానను ఆ నేల స్పాంజిలా పట్టి ఉంచి, ఆ తర్వాత నెలల తరబడి వాగుల్లోకి వదులుతుంది. హెబ్బె జలపాతంలో జనవరిలో కూడా నీళ్ళుండేది అందుకే. నన్నడిగితే పడమటి కనుమలకు సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో వెళ్ళాలి. నీళ్ళుంటాయి, దారి కనిపిస్తుంది, కొండ పచ్చగా ఉంటుంది. ఆగస్టులో అయితే మంచు, జోరువాన, జలగలు. అయినా అందమే, సిద్ధపడి వెళ్ళాలంతే.

కావేరి_కబుర్లు:
మీ అమ్మగారి మోకాళ్ళను బట్టి చూస్తే మొదటి శనివారానికి శివనసముద్రం ఖాయం చేసుకోండి. సుమారు 130 కిలోమీటర్లు, పొద్దున్నే బయలుదేరితే సాయంత్రానికి ఇల్లు చేరతారు.

కావేరి అక్కడ రెండుగా చీలి దూకుతుంది. పడమటి పాయ గగనచుక్కి, తూర్పు పాయ భరచుక్కి. రెండింటినీ పైనుంచి చూసే చోటికి కారు దాదాపు పక్కదాకా పోతుంది. భరచుక్కిలో కిందికి మెట్లున్నాయి. నీళ్ళు ఎక్కువైతే వాటిని మూసేస్తారు. తెరిచినా అమ్మగారిని పైనే కూర్చోబెట్టండి, అక్కడినుంచే నిండుగా కనిపిస్తుంది. గగనచుక్కికి మాత్రం ఎదురుగా కట్టిన వ్యూపాయింట్ వైపే వెళ్ళండి. దర్గా వైపునుంచి బండల మీదికి దిగే దారిలో చాలా ప్రమాదాలు జరిగాయి.

నీటి సంగతి కొండదారి గారు చెప్పినట్టే. అందరూ కేఆర్‌ఎస్, అంటే మైసూరు దగ్గరి కృష్ణరాజసాగర డ్యామ్ మట్టం ఒక్కటే చూస్తారు, 124.80 అడుగులు నిండిందా అని. కబిని డ్యామ్‌ను మర్చిపోతారు. కబినికి వయనాడు వాన నీళ్ళొస్తాయి. చిన్న డ్యామ్ కాబట్టి చాలా ఏళ్ళు కేఆర్‌ఎస్ కంటే ముందే నిండుతుంది. ఆ నీళ్ళు తిరుమకూడలు నరసీపుర దగ్గర కావేరిలో కలిసి ఇక్కడికే వస్తాయి. కాబట్టి కేఆర్‌ఎస్ సగమే ఉన్నా వయనాడులో వారం రోజులు గట్టి వాన పడిందంటే భరచుక్కి చూడటానికి బయలుదేరవచ్చు.

మీ నాన్నగారికి ఆసక్తి ఉంటే ఇంకో మాట. కోలారు బంగారు గనులకు కరెంటు ఇవ్వడానికి 1902లో ఇక్కడే జలవిద్యుత్ కేంద్రం మొదలైంది. 1905 ఆగస్టులో బెంగళూరు వీధి దీపాలు వెలిగింది కూడా ఈ నీళ్ళతోనే. తిరిగొచ్చేటప్పుడు సోమనాథపుర కేశవాలయం చూపించండి. 13వ శతాబ్దపు హొయసల గుడి, అమ్మగారు గంటసేపు నిదానంగా తిరిగి చూడవచ్చు.

సాగర_కోడలు:
మా అత్తవారిది శివమొగ్గ జిల్లా సాగర. పుట్టింది గుంటూరైనా ఇప్పుడు నాకు వానంటే ఇక్కడి కొండసీమ మలెనాడు వానే. మూడు రోజుల సెలవుకి జోగ్ పెట్టుకోండి.

మైసూరు నుంచి బెంగళూరు మీదుగా తాళగుప్పకు రాత్రి రైలుంది. పొద్దున్నే దిగితే జోగ్ పదిహేను కిలోమీటర్లలోపే. రాత్రంతా కారు నడిపే కంటే పెద్దవాళ్ళకు అదే నయం. శరావతి నది నాలుగు ధారలుగా 253 మీటర్లు కిందికి పడుతుంది. రాజా, రాణి, రోరర్, రాకెట్ అని వాటి పేర్లు. అడుగుదాకా దిగే మెట్లు 1400 దాకా ఉంటాయి, అమ్మగారి విషయంలో వాటి ఊసే వద్దు. పైనుంచి చూస్తే చాలు.

ముందే తెలియాల్సినవి రెండున్నాయి. పైన 1964లో కట్టిన లింగనమక్కి డ్యామ్ ఉంది. నీళ్ళలో ఎక్కువ భాగం కరెంటుకే పోతాయి. డ్యామ్ 1819 అడుగులు నిండితేనే గేట్లు ఎత్తుతారు, అది కొన్ని ఏళ్ళలో అసలు జరగదు. అయినా జులై, ఆగస్టుల్లో డ్యామ్ కింద పడే వానతోనే నాలుగు ధారలూ బాగా పారతాయి. ఎండాకాలంలో వచ్చి బండలు చూసి తిట్టుకుంటూ పోయేవాళ్ళను చూస్తే బాధేస్తుంది. ఇక రెండోది మంచు. మీరు చేరేసరికి ఎదురుగా తెల్లగోడ తప్ప ఏమీ కనిపించకపోవచ్చు. చప్పుడు మాత్రం వినిపిస్తుంది. దయచేసి అప్పుడు వెనక్కి వెళ్ళిపోకండి. టీ తాగుతూ కూర్చోండి. గాలి మారగానే మంచు ఒక్కసారిగా విడిపోయి నాలుగూ కనిపిస్తాయి, మళ్ళీ మూసుకుంటుంది. నాకు ఆకాశం తేటగా ఉన్న రోజు కంటే అలాంటి రోజే ఎక్కువ ఇష్టం.

హెచ్ఎస్ఆర్_ట్రెక్కర్:
వీళ్ళు చెప్పేవన్నీ వ్యూపాయింట్లే. మీ నాన్నగారు బాగా నడుస్తారంటున్నారు కదా, అమ్మగారిని హోమ్‌స్టేలో ఉంచి మీరిద్దరూ కుద్రేముఖ్ ఎక్కండి. 1894 మీటర్లు. దారిలో వాగులు దాటుతూ గడ్డి కొండల మీద నడుస్తారు. రానూపోనూ సుమారు ఇరవై కిలోమీటర్లు. కుమార పర్వతం కూడా బాగుంటుంది.

కొండదారి:
తమ్ముడూ, ఆగస్టు వానలో పెద్దాయనతో ఇరవై కిలోమీటర్లు వద్దు. కుమార పర్వతం ఏటవాలు కుర్రవాళ్ళకే మోకాళ్ళు పట్టేస్తుంది. పైగా వానాకాలంలో చాలా దారులు మూసేస్తారు.

ఇంకోటి, ఇప్పుడు ఎవరు పడితే వాళ్ళు ఎక్కడానికి లేదు. 2024 జనవరిలో గణతంత్ర దినోత్సవం సెలవులకు కుమార పర్వతం మీదికి ఒక్కసారే వేలమంది వచ్చారు. ఆ ఫోటోలు మీరూ చూసే ఉంటారు. ఆ తర్వాత అటవీ శాఖ ట్రెక్కింగ్ ఆపేసి, రోజుకు ఇంతమందే అని పరిమితి పెట్టి ఆన్‌లైన్ టికెట్లతో మళ్ళీ తెరిచింది. అరణ్య విహార అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే బుక్ చేసుకోవాలి. కొన్ని ట్రిప్పుల వాళ్ళు "పర్మిట్ మేం చూసుకుంటాం" అని డబ్బు కట్టించుకుంటారు. తీరా చెక్‌పోస్ట్ దగ్గర టికెట్ లేదని గార్డు ఆపేస్తాడు. మా ఆఫీసు వాళ్ళకు అదే జరిగింది. మీ పేరు మీద వచ్చిన టికెట్ కళ్ళతో చూశాకే బస్సెక్కండి.

హెచ్ఎస్ఆర్_ట్రెక్కర్:
పర్మిట్ సంగతి నిజమే అన్నా. సరే, కుద్రేముఖ్ అక్టోబరుకి వాయిదా. కానీ జలపాతం దాకా వెళ్ళి నీళ్ళలో దిగకుండా రావడమేంటి? బాబు పదేళ్ళవాడు, వాడికి ఆడుకోవాలని ఉండదా?

వాననీడ:
ఈ మాటకు జవాబు చెప్పకుండా ఉండలేను. మీ మీద కోపం కాదు తమ్ముడూ, భయం.

2023 జులైలో కొల్లూరు దగ్గర అరశినగుండి జలపాతం అంచున బండ మీద నిలబడిన యువకుడు వీడియో తీయించుకుంటూనే జారి పోయాడు. 2024 జూన్ చివర్లో లోనావాలాలో భూశీ డ్యామ్ వెనక వాగులో ఆడుకుంటున్న కుటుంబం, పిల్లలతో సహా, అందరూ చూస్తుండగానే కొట్టుకుపోయింది. వాళ్ళు దిగినప్పుడు నీళ్ళు తక్కువగానే ఉన్నాయి.

కొండవాగు పొంగేది మీరున్న చోట పడే వానతో కాదు. పైన రెండు మూడు కిలోమీటర్ల అవతల కుంభవృష్టి పడుతుంటే ఇక్కడ ఎండ కాస్తూ ఉండవచ్చు. ఆ నీళ్ళు ఇరుకు దారిలోంచి నిమిషాల్లో వచ్చేస్తాయి. కొన్ని గుర్తులుంటాయి. తేటగా ఉన్న నీళ్ళు ఎర్రబడతాయి. ఆకులు, పుల్లలు కొట్టుకొస్తాయి. చప్పుడు మారుతుంది. మీరు నిల్చున్న రాయి చుట్టూ నీళ్ళు ఒక వేలెడు పెరుగుతాయి. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి కనిపించినా సామాన్లు వదిలేసి పక్క గట్టు ఎక్కేయాలి. నీళ్ళకు అడ్డంగా అవతలి ఒడ్డుకు పరుగెత్తవద్దు.

ధార పడేచోట ఉండే మడుగు ఇంకా మోసం చేస్తుంది. అక్కడి నీళ్ళలో గాలి బుడగలు నిండి ఉంటాయి, అందుకని మనిషిని తేల్చవు. బాగా ఈత వచ్చినవాళ్ళు మునిగేది అక్కడే. పైనుంచి పడే నీళ్ళు లోపలికి తొక్కుతాయి కూడా. బాబు ఆడుకోవాలంటే కిందికి వచ్చాక పరుచుకుని పారేచోట, చీలమండల లోతులో, మీరు చెయ్యి పట్టుకుని ఆడించండి. ఆగస్టులో ఎక్కడా అంతకు మించి వద్దు.

హెచ్ఎస్ఆర్_ట్రెక్కర్:
బుడగల నీళ్ళు తేల్చవన్న సంగతి నాకు తెలియదు అక్కా. మా గ్రూపులో పెడతాను.

జయనగర్_డాక్టరమ్మ:
వైద్యం వైపునుంచి కొన్ని మాటలు. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకు ఎక్కడం కంటే దిగడమే కష్టం. "కిందికే కదా" అని దింపేస్తే పైకి రావడానికి నరకం చూస్తారు. చేతికర్ర ఒకటి కొనండి. దిగేటప్పుడు కర్ర ముందు, తర్వాత నొప్పి ఉన్న కాలు, ఆ తర్వాత రెండో కాలు. అడుగు గట్టిగా పట్టే బూట్లు కావాలి. నాచు పట్టిన బండ మీద రబ్బరు చెప్పులు అస్సలు పనికిరావు.

జలగల గురించి భయపెట్టేవాళ్ళు ఎక్కువ. మలెనాడులో ఇంబళ అంటారు. రక్తం తాగుతాయి కానీ రోగాలు తెచ్చేంత ప్రమాదం లేదు. గుంజి పీకకండి, గోరుతో పక్కనుంచి జరిపితే ఊడిపోతుంది. సబ్బు నీళ్ళతో కడగండి. రక్తం గడ్డకట్టకుండా జలగ ఒక పదార్థం వదులుతుంది, అందుకే చాలాసేపు కారుతుంది, కంగారు పడవద్దు. అమ్మానాన్నల్లో ఎవరైనా రక్తం పలచబడే మందులు వాడుతుంటే మాత్రం పొడుగు సాక్స్ తప్పనిసరి.

నేను నిజంగా హెచ్చరించేది పిడుదుల గురించి. శివమొగ్గ వైపు క్యాసనూరు అడవిలో 1957లో బయటపడిన మంగన కాయిలె, అంటే కోతి జ్వరం, పిడుదు కుడితే వస్తుంది. డిసెంబరు నుంచి మే దాకా దాని కాలం. ఆగస్టులో మీకు ఆ భయం తక్కువ. ఎండాకాలంలో సాగర, తీర్థహళ్ళి అడవుల్లో నడిచేవాళ్ళు నిండు చేతుల బట్టలు వేసుకోవాలి, ఎండుటాకుల మీద కూర్చోకూడదు, వచ్చాక ఒళ్ళంతా చూసుకోవాలి. వానాకాలం అయినా ఎండాకాలం అయినా, తిరిగొచ్చిన రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే ఎక్కడికి వెళ్ళొచ్చారో డాక్టరుకు చెప్పండి. అది చెప్పక పరీక్షలు ఆలస్యమవుతాయి. బురద నీళ్ళలో తిరిగినవాళ్ళకు ఎలుక జ్వరం కూడా రావచ్చు, కాలి మీద పుండ్లుంటే కట్టు కట్టుకుని వెళ్ళండి.

కుప్పం_దారి:
అందరూ కన్నడ సీమ గురించే చెప్తా ఉన్నారు, మన కైగల్ మాట ఎవరూ ఎత్తలేదు. కుప్పం, పలమనేరు రోడ్డు మీద బైరెడ్డిపల్లె దగ్గర ఉంది. దుముకురాళ్ళు అంటే కూడా చెప్తారు. ఎత్తు నలభై అడుగులే, జోగ్ ముందు ఏపాటి? కానీ రోడ్డుకు దగ్గర, మన భాష, టీ కొట్టు అవ్వతో మీ అమ్మగారు కడుపారా మాట్లాడొచ్చు. మాకు గట్టి వాన అక్టోబరు, నవంబరుల్లో. అప్పుడే ఈడ నీళ్ళు బాగుంటాయి. ఆగస్టులో వస్తే ముందు ఇక్కడి వాళ్ళనెవరినైనా అడిగి రండి. చుట్టూ కౌండిన్య అభయారణ్యం, ఏనుగులు తిరుగుతాయి. చీకటి పడకముందే రోడ్డెక్కేయండి.

చెరువు_గట్టు:
చెరువు గురించి అడిగారు, ఒక్కరూ చెప్పలేదు. నాకు జలపాతం కంటే చెరువే ఇష్టం. జలపాతం దగ్గర నలుగురూ అరుస్తూ మాట్లాడుకోవాలి, చెరువు దగ్గర మెల్లగా మాట్లాడుకోవచ్చు.

చిక్కమగళూరు వెళ్తే సఖరాయపట్టణ దగ్గర అయ్యనకెరె చూడండి. రుక్మాంగద రాయడు కట్టించాడని, హొయసలుల కాలంలో 1156లో బాగు చేశారని అంటారు. కర్ణాటకలో పెద్ద చెరువుల్లో ఒకటి. ఒకవైపు శకునగిరి కొండ, మరోవైపు కిందంతా పొలాలు. కట్ట మీద చదునుగా నడవవచ్చు, మీ అమ్మగారికి సరిగ్గా సరిపోతుంది. వానలు బాగా పడి అలుగు పారుతుంటే ఇక వేరే జలపాతం అక్కర్లేదు. ఊళ్ళో జనమంతా వచ్చి నిలబడి చూస్తారు. చెరువు నిండితే మనవైపు ఎంత సంబరమో అక్కడా అంతే. చిక్కమగళూరు పక్కనే హిరేకొళలె చెరువు కూడా ఉంది, అది చిన్నది, సాయంత్రం ఎండలో వెనక కొండలు నీళ్ళలో కనిపిస్తాయి. సెలవు రోజుల్లో జనం, చెత్త ఎక్కువ. మామూలు రోజున వెళ్ళండి.

మామూలు వారాల్లో బెంగళూరులోనే ఉన్న జక్కూరు చెరువుకు పొద్దున్నే తీసుకెళ్ళండి. శుద్ధి చేసిన మురుగునీరు రెల్లు మడుగుల్లోంచి వెళ్ళి చెరువులో చేరే ఏర్పాటు ఉంది. పక్షులు బాగా వస్తాయి.

పెన్నా_తీరం:
నెల్లూరు వాళ్ళమండీ. బెంగళూరు దగ్గరి నంది హిల్స్‌కి వెళ్తే ఆ కొండల వరుస వైపు ఒకసారి దణ్ణం పెట్టుకోండి. మా పెన్న పుట్టింది అక్కడే. ఇంత సన్నగా మొదలై అనంతపురం, కడప దాటి మా ఊరొచ్చేసరికి ఎంత వెడల్పో. నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయో చూడమన్న కొండదారి గారి మాటకు ఇది గుర్తొచ్చింది.

వైట్‌ఫీల్డ్_వాసి:
ఇంత వివరంగా చెబుతారనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. ఇక్కడ చదివినవన్నీ నాన్నకి ఫోన్లో చదివి వినిపించాను. 1902 కరెంటు కేంద్రం చూడాలని ఇప్పుడే పట్టుబడుతున్నారు.

ప్లాన్ ఇలా అనుకుంటున్నాం. మొదటి శనివారం శివనసముద్రం, సోమనాథపుర. మూడు రోజుల సెలవుకి జోగ్ బదులు చిక్కమగళూరు, ఎందుకంటే రైలు టికెట్లు దొరకలేదు. కైగల్ అక్టోబరులో మేం ముగ్గురం వెళ్తాం. చిక్కమగళూరులో హెబ్బెకి అమ్మను తీసుకెళ్ళవచ్చా?

కొండదారి:
హెబ్బె వద్దు. అటవీ శాఖ ఏర్పాటు చేసిన జీపుల్లోనే వెళ్ళాలి, ఆ దారిలో కుదుపులు మామూలుగా ఉండవు. దిగాక కూడా వాగులు దాటుతూ నడవాలి. నాన్నగారు, బాబు, మీరు వెళ్ళవచ్చు, అదీ ఆ రోజు జీపులు వదులుతుంటేనే.

అమ్మగారికి కల్లత్తిగిరి చూపించండి. అదే కొండల వరుసలో, కెమ్మణ్ణుగుండి దారిలోనే ఉంది. కారు బాగా దగ్గరికి వెళ్తుంది. వీరభద్రస్వామి గుడి ముందే నీళ్ళు బండల మీదుగా దిగుతాయి. దర్శనం చేసుకుని అక్కడే కూర్చుని చూడవచ్చు. మీరు హెబ్బె వెళ్ళొచ్చేదాకా మీ ఆవిడా అమ్మగారూ ఇక్కడ ఉంటే సరి. ముళ్ళయ్యనగిరి శిఖరం వైపు వాహనాల సంఖ్యకు పరిమితి ఉంది, ఆన్‌లైన్‌లో ముందే నమోదు చేసుకోండి. పెట్రోలు ఊళ్ళోనే నింపుకోండి, కొండమీద సిగ్నల్ ఉండదు, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. ప్లాస్టిక్ సీసాల బదులు ఇంటి స్టీలు సీసాలు తీసుకెళ్ళండి.

సాగర_కోడలు:
టికెట్లు దొరకలేదంటే కాస్త దిగులేసింది, జోగ్ వచ్చే ఏడాదికైనా పెట్టుకోండి. గొడుగు మాత్రం నమ్ముకోకండి, కొండగాలికి విరిగిపోతుంది. అందరికీ రెయిన్‌కోట్లు, కారులో ఒక జత పొడి బట్టలు, పాత తువ్వాళ్ళు. హోమ్‌స్టేలో వేడినీళ్ళు ఎన్ని గంటలకు వస్తాయో బుక్ చేసేముందే అడగండి. తడిసి వచ్చిన పెద్దవాళ్ళకు అది చాలా ముఖ్యం.

వైట్‌ఫీల్డ్_వాసి:
అడుగుతానండీ. కావేరి_కబుర్లు గారూ, శివనసముద్రానికి నీళ్ళు వదిలారో లేదో మాలాంటివాళ్ళు ఎక్కడ చూడాలి?

కావేరి_కబుర్లు:
కన్నడ పేపర్లలో, టీవీలో రోజూ డ్యామ్‌ల మట్టాలు వేస్తారు. ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో అని రెండు అంకెలుంటాయి, క్యూసెక్కుల్లో. మీరు చూడాల్సింది అవుట్‌ఫ్లో. కేఆర్‌ఎస్‌దీ, కబినిదీ రెండూ కలిపి చూడండి. వదిలిన నీళ్ళు శివనసముద్రం చేరడానికి సమయం పడుతుంది కాబట్టి ముందు రోజు అంకె చూసుకోండి. మరీ ఎక్కువ వదిలితే నది ఒడ్డు ఊళ్ళకు హెచ్చరిక ఇస్తారు, అలాంటి రోజున వ్యూపాయింట్ కూడా తెరిచి ఉందో లేదో కనుక్కుని బయలుదేరండి. మీరు వెళ్ళే వారం ఇక్కడ గుర్తు చేయండి, శుక్రవారం రాత్రి ఆ రెండు అంకెలూ నేనే రాస్తాను.